నీకెట్టా తెలుసు?

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రోజు నేను స్టూవర్టుపురంలో మా అక్క ఇంట్లో ఉన్నాను. పొద్దున్నే కరెంటు పోయింది. సముద్రం వైపున్న సరుగుడు తోటల హోరు ఇంట్లోకి వినపడుతోంది. వసారా రేకులు లేచిపోకుండా బావ పైన ఇసుక బస్తాలు వేసి దిగి వచ్చాడు. తడి పంచెతోనే మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన మొదలుపెట్టాడు. అక్క పొయ్యి మీద ఎసరు పెట్టి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. నేను గడప దగ్గర పీట వేసుకుని, ఫోనులో మిగిలిన కాస్త చార్జింగుతో వాతావరణ శాఖ బులెటిన్లు చదువుతున్నాను.

మా బావ ఊళ్ళో చిన్న ప్రార్థన మందిరం నడుపుతాడు. నేను ముప్ఫై రెండేళ్ళు సర్కారు బళ్ళలో పిల్లలకు సైన్సు చెప్పి రిటైరయ్యాను. దేవుణ్ణి నమ్మను. మా ఇద్దరి వాదన అక్క పెళ్ళి నాడు మొదలైంది, ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

మర్నాటికి గాలి తగ్గింది. చుట్టుపక్కల కోతకొచ్చిన వరి నీళ్ళలో పడుకుంది. మా వీధిలో మాత్రం మనుషులకేమీ కాలేదు. బావ ఆకాశం వైపు రెండు చేతులూ ఎత్తి, "చూశావంట్రా బామ్మర్దీ, ప్రార్థన ఎట్టా పనిచేసిందో!" అన్నాడు.

"ప్రార్థన వల్లే ఆగిందని నీకెట్టా తెలుసు బావా?" అన్నాను.

ఈ ప్రశ్న నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మా అవ్వ నోట నేర్చుకున్నాను. మా స్టూవర్టుపురం కథలో దేవుడూ సైన్సూ రెండూ ఎట్టా వచ్చి పడ్డాయో చెప్పాలంటే ఈ ప్రశ్న దగ్గర నుంచే మొదలుపెట్టాలి. ముందు తుపాను సంగతి ముగిస్తాను.

1977 నవంబరు 19 నాటికి నాకు పదిహేడేళ్ళు. ఆ రాత్రి ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. బాపట్ల ప్రాంతం మీద కూడా విరుచుకుపడింది. లెక్కకు తేలిన చావులే పదివేల దాకా ఉన్నాయి. 1990 మేలో దాదాపు అంత బలమైన తుపానే మళ్ళీ కృష్ణా డెల్టా మీదికి వచ్చింది. చావులు వెయ్యి లోపే. ఈ రెండింటి మధ్య పదమూడేళ్ళలో రాడార్లు పెరిగాయి, ఉపగ్రహం ఫొటోలు మెరుగయ్యాయి, తీరంలో తుపాను షెల్టర్లు కట్టారు, ముందే లక్షల మందిని ఊళ్ళు ఖాళీ చేయించారు. మిచాంగ్ వాటంత పెద్దది కాదు కాబట్టి దాన్ని ఈ లెక్కలోకి తీసుకురాను. కానీ 1977లో జనం ప్రార్థన చెయ్యలేదా? గుళ్ళో చేశారు, చర్చిలో చేశారు, మసీదులో చేశారు. పిల్లల్ని చంకనేసుకుని తాటిచెట్లు కౌగిలించుకుని మరీ చేశారు. 1990లోనూ చేశారు. ప్రార్థన రెండుసార్లూ ఉంది. మారింది హెచ్చరిక.

బావ కాసేపు ఆగి, "ఆ ఉపగ్రహం తయారుచేసే తెలివి ఇచ్చిందెవరు?" అన్నాడు. మనవైపు ఇలాంటి వాదనలన్నీ చివరికి చేరే రేవు ఇదే. తెలివి ఆయనిచ్చాడంటే ఉప్పెన ఎవరిచ్చారు? పాపం చేసినందుకు శిక్ష అంటే, దివిసీమలో ఊయలలో ఉన్న పసిబిడ్డ ఏ పాపం చేసింది? పోర్చుగల్ దేశంలో లిస్బన్ నగరం 1755 నవంబరు 1న భూకంపంలో కూలింది. అది వాళ్ళకు సకల పరిశుద్ధుల పండుగ రోజు. చర్చిల్లో ప్రార్థనలో ఉన్నవాళ్ళ మీదే గోడలు పడ్డాయి. వోల్టేరు అనే ఫ్రెంచి రచయిత అప్పుడు ఇదే ప్రశ్న వేశాడు. రెండున్నర శతాబ్దాలు దాటాయి, ఆ ప్రశ్నకు నా మనసు ఒప్పే జవాబు నాకింకా దొరకలేదు. 'ఆయన లీల' అంటారు. జవాబు తెలియదని ఒప్పుకోవడానికి అది ఇంకో మాట, అంతే.

ఇక మా అవ్వ.

మేము ఎరుకలవాళ్ళం. ఎరుక అంటే తెలియడం. తెలుగులో ఇంత మంచి మాట కులానికి పేరుగా పడ్డవాళ్ళు ఇంకెవరూ లేరని నాకు గర్వం. సాక్షాత్తూ శ్రీనివాసుడే పద్మావతి కోసం ఎరుకలసాని వేషం కట్టి ఆకాశరాజు ఇంటికి వెళ్ళాడని తిరుమల కథల్లో చెప్పుకుంటారు. మా అవ్వ నిజంగానే ఎరుక చెప్పేది. చేతిలో కోల, చంకలో బుట్ట, నోట్లో ఆకూవక్కా. బాపట్ల, చీరాల మధ్య ఊళ్ళన్నీ కాలినడకన తిరిగేది. ఏడెనిమిదేళ్ళ వయసులో నేను కూడా కొన్నిసార్లు వెంట వెళ్ళాను.

ఒకసారి ఒక పెద్ద లోగిలి ముందు కూర్చుంది. ఇంటావిడ చెయ్యి చాచింది. అవ్వ కోలతో అరచేతిని తాకి, కులదేవతలనందర్నీ వరసగా పిలిచి, "తల్లీ, నీ మనసులో ఒకటుంది, నోట్లో ఒకటుంది. కడుపున పుట్టినవాళ్ళ గురించే నీ దిగులు. దూరాన ఉన్నోడి మీద నీ గుండె కొట్టుకుంటోంది" అంది. ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. చేటెడు వడ్లు పోసింది.

దారిలో అడిగాను: "అవ్వా, ఆమె కొడుకు దూరంగా ఉన్నాడని నీకెట్టా తెలిసింది? దేవత చెప్పిందా?"

అవ్వ నవ్వలేదు. బుట్ట దించి, చెట్టు కింద కూర్చుని నాకు చెప్పింది. గోడకు మిలిటరీ బట్టల్లో ఒక కుర్రాడి ఫొటో ఉందట. పోస్టుమాను వస్తాడని ఆవిడ రెండుసార్లు వీధి వైపు చూసిందట. "చెయ్యి చూడను రా, మొహం చూస్తాను. నేను సగం చెబుతాను, మిగతా సగం వాళ్ళే చెప్పుకుంటారు. కడుపున పుట్టినవాళ్ళ గురించి దిగులు లేని తల్లి ఏ ఊళ్ళో ఉందిరా?"

అవ్వకు అక్షరం ముక్క రాదు. అమెరికాలో బెర్ట్రామ్ ఫోరర్ అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు 1948లో ఇదే సంగతి తరగతి గదిలో పరీక్షించి చూశాడు. 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఎవరి స్వభావం వాళ్ళకు రాసిస్తున్నానని తలా ఒక కాగితం ఇచ్చాడు. తమ గురించి ఎంత సరిగ్గా ఉందో 5కి మార్కులు వెయ్యమన్నాడు. సగటున 4.26 వేశారు. తర్వాత చూసుకుంటే అందరి కాగితంలోనూ ఉన్నది ఒకే రాత. జాతకాల పుస్తకం నుంచి ఏరి పెట్టినవే ఆ వాక్యాలు. రాశిఫలాలు ఈనాటికీ అందరికీ సరిపోతున్నాయంటే కారణం ఇదే.

అయితే అవ్వ ఎవర్నీ భయపెట్టి డబ్బు తియ్యలేదు. శాంతి చేయించకపోతే బిడ్డ చస్తాడని ఏ తల్లితోనూ అనలేదు. చెప్పేది ధైర్యం, తీసుకునేది వడ్లు. ఇంటికొచ్చాక మాత్రం ఎవరేం చెప్పినా వదిలేది కాదు. ఫలానా చింతచెట్టు మీద దయ్యం ఉందట అంటే "నీకెట్టా తెలుసు?" అనేది. ఫలానావాడు మంచోడు కాదట అన్నా అదే ప్రశ్న. ఎరుక ఎట్టా పుడుతుందో లోపలి నుంచి చూసిన మనిషి కాబట్టి ఊరికే నమ్మేది కాదు.

అంతకన్నా లోతైన కారణం ఇంకొకటుంది. ఆవిడ బతుకంతా ఎవరూ ప్రశ్నించడానికి వీల్లేని ఒక నమ్మకం కింద నలిగింది.

మా పెద్దలు తీరం నుంచి ఉప్పు గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని మెట్ట ఊళ్ళకు పోయి ధాన్యానికి మార్చుకునేవాళ్ళు. అడవిలో వెదురు కొట్టి బుట్టలు అల్లేవాళ్ళు. తెల్లవాళ్ళు ఉప్పును సర్కారు సొత్తు చేశారు. రైళ్ళు వచ్చి సరుకు మోయడం మొదలుపెట్టాయి. అడవి చట్టాలు వెదురుకు అడ్డం పడ్డాయి. బతుకు తెరువు పోయి తిరుగుతున్నవాళ్ళను చూసి, వీళ్ళు పుట్టుకతోనే దొంగలని తేల్చారు. నేరస్థ తెగల చట్టం 1871లో ఉత్తరాదిన మొదలై, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టు దొంగ కొడుకు దొంగ అవుతాడన్నది దాని వెనకున్న తర్కం. ఆ చట్టంలో ఒక మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. ఒక తెగను నేరస్థ తెగ అని సర్కారు ప్రకటిస్తే, ఆ ప్రకటన చెల్లుతుందా లేదా అని ఏ కోర్టూ ప్రశ్నించకూడదు. అంటే "నీకెట్టా తెలుసు?" అని అడగడమే నిషేధం. ఏ మతగ్రంథమూ ఇంతకంటే గట్టిగా నోరు మూయించలేదు.

ఆ చట్టం కింద మమ్మల్ని ఒకచోట కాపలాలో ఉంచడానికి 1913-14 నాటికి బాపట్ల, చీరాల మధ్య ఇసుక నేలలో మా సెటిల్మెంటు వెలిసింది. మద్రాసు గవర్నరు కౌన్సిల్లో సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టు పేరు దానికి పెట్టారు. నడిపే బాధ్యత సాల్వేషన్ ఆర్మీకి ఇచ్చారు. విలియం బూత్ 1865లో లండన్ పేటల్లో మొదలుపెట్టిన క్రైస్తవ సంఘం అది. అవ్వను పదేళ్ళ పిల్లగా ఇక్కడికి తెచ్చారు. హాజరు పలకాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. చీరాల ఐ.ఎల్.టి.డి. పొగాకు ఫ్యాక్టరీకి కూలికి పోయేవాళ్ళు. బడి కూడా పెట్టారు, వైద్యం చేశారు, డప్పులతో పాటలు నేర్పారు. మా బావ తాత ఆ బళ్ళోనే బైబిలు చదవడం నేర్చుకున్నాడు. బావ తన విశ్వాసాన్ని ఆ తాత దగ్గర నుంచి తెచ్చుకున్నాడు. అందుకే నేను ఎంత గట్టిగా వాదించినా ఆయన కుటుంబంలో అక్షరం వెలిగించిన ఆ బడిని చులకన చెయ్యను. హాజరు పట్టీని మాత్రం క్షమించను.

ఇక్కడ సైన్సు వైపు నిలబడేవాళ్ళు ఒక సంగతి ఒప్పుకోవాలి. పుట్టు దొంగతనం అనే ఆ నమ్మకానికి అప్పట్లో సైన్సు చొక్కా తొడిగారు. ఇటలీ డాక్టరు లొంబ్రోజో 1876లో నేరస్థుణ్ణి పుర్రె చూసి, దవడ చూసి గుర్తుపట్టొచ్చని పుస్తకం రాశాడు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల వాళ్ళ ముక్కులూ తలలూ కొలిచాడు, 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు. 'సైన్సు చెప్పింది' అనే మాట కూడా 'దేవుడు చెప్పాడు' లాగే మనుషుల మెడ మీద కూర్చోగలదు.

కానీ తర్వాత జరిగింది చూడండి. ఇంగ్లండులో జైలు డాక్టరు చార్లెస్ గోరింగ్ మూడు వేల మంది దాకా ఖైదీలను కొలిచాడు. సైనికులతో, కాలేజీ కుర్రాళ్ళతో పోల్చాడు. లొంబ్రోజో చెప్పిన ఆనవాళ్ళేవీ నిలబడలేదు. ఆ పుస్తకం వచ్చింది 1913లో! మా ఊరికి పునాదులు పడుతున్న రోజుల్లోనే, పుట్టుకతో నేరస్థుణ్ణి చూపించే ముఖం లేదని అక్కడ తేలిపోయింది. ఒక సైన్సు పుస్తకాన్ని ఇంకో సైన్సు పుస్తకం కొట్టేసింది. కొట్టేసినవాణ్ణి ఎవరూ ద్రోహి అనలేదు. సైన్సును నేను పట్టుకుని వేలాడటానికి కారణం ఈ ఒక్కటే. దానికి తప్పులు రావని కాదు, తన తప్పును వెతికేవాడికి అది కుర్చీ వేస్తుంది. దురదృష్టం, ఆ మాట మా అవ్వ దాకా రావడానికి ముప్ఫై ఏళ్ళు పైన పట్టింది. మద్రాసు ప్రభుత్వం 1947లో ఆ చట్టం రద్దు చేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది.

చట్టం పోయినా పేరు పోలేదు. ఆ పేరును తుడవడానికి మా ఊరికి వచ్చినవాళ్ళు నాస్తికులు.

గోరా అని అందరూ పిలిచే గోపరాజు రామచంద్రరావు గారు వృక్షశాస్త్రం లెక్చరరు. నాస్తికుడైన పాపానికి 1933లో కాకినాడ కాలేజీలో ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడకు మారింది. ఆయన, భార్య సరస్వతి గారు కలిసి అంటరానివాళ్ళతో కూర్చుని తిన్నారు, నిప్పుల మీద నడిచి అందులో మహిమ లేదని చూపించారు. 1944లో ఆయన సేవాగ్రామం వెళ్ళి గాంధీ గారితో మాట్లాడారు. ఇద్దరిలో ఎవరూ రెండోవారిని తమ వైపు తిప్పుకోలేదు. గోరా గారి పెద్దమ్మాయి మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్ళి నిశ్చయమైతే, గాంధీ గారు ఆ పెళ్ళి సేవాగ్రామంలో చేయిస్తామన్నారు, ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం అనే మాట పెట్టడానికి ఒప్పుకున్నారు. పెళ్ళి నాటికి ఆయన లేరు. 1948 మార్చిలో అక్కడే ఆ పెళ్ళి జరిగింది. దేవుడి మీద వాదన ఎట్టా ఉండాలని ఎవరైనా అడిగితే నేను ఈ సంగతే చెబుతాను.

గోరా గారి కొడుకు 1930లో పుట్టాడు. అది ఉప్పు సత్యాగ్రహం సంవత్సరం. పిల్లాడికి లవణం అని పేరు పెట్టారు. ఆ లవణం గారు, ఆయన భార్య హేమలత గారు 1970లలో స్టూవర్టుపురంలో పని మొదలుపెట్టారు. ఉప్పు పోయి దొంగలమన్న ముద్ర పడ్డ మా ఊరికి, ఉప్పు పేరు పెట్టుకున్న మనిషి వచ్చాడు. అవ్వకు ఆ పేరు అర్థం చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

హేమలత గారు మహాకవి జాషువా కూతురు. శివుడికి తన గోడు విన్నవించమని అంటరానివాడు గబ్బిలాన్ని రాయబారం పంపే కావ్యం జాషువా గారు 1941లో రాశారు. గుడిలోకి గబ్బిలానికి ఉన్న చనువు మనిషికి లేదన్న బాధ అది. తర్వాత 'క్రీస్తు చరిత్ర' కూడా రాశారు, 1964లో దానికి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ ఇంటి ఆడపిల్ల 1960లో నాస్తికుల ఇంటి కోడలైంది. నేరం మానేసిన వాళ్ళకు పని, పిల్లలకు చదువు, జైలు నుంచి వచ్చినవాళ్ళకు తోడు, ఇవన్నీ చూడటానికి ఈ దంపతులు 'సంస్కార్' అనే సంస్థ నడిపారు. తర్వాత నిజామాబాదు జిల్లాలో జోగినీల కోసం ఇలాగే పనిచేశారు. దేవుడి పేరున ఆడపిల్లను ఊరికి వదిలేసే ఆ ఆచారాన్ని ప్రభుత్వం 1988లో చట్టం చేసి నిషేధించింది. హేమలత గారు 2008లో, లవణం గారు 2015లో పోయారు.

నేను చూసినంతలో వాళ్ళు మా ఊళ్ళో ఎవర్నీ ప్రార్థన మానెయ్యమనలేదు. ఇళ్ళకు వచ్చేవాళ్ళు, అరుగు మీద కూర్చునేవాళ్ళు, కేసులు ఎక్కడ దాకా వచ్చాయని అడిగేవాళ్ళు. దేవుడు రక్షిస్తాడని చెప్పినవాళ్ళ చేతిలో హాజరు పట్టీ ఉంది. దేవుడు లేడన్నవాళ్ళు మనిషి మాటను నమ్మి కూర్చున్నారు. పదిహేనేళ్ళ కుర్రాడి మనసులో ఏ వైపు త్రాసు మొగ్గిందో వేరే చెప్పాలా? తెలుగులో విశ్వాసం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. దేవుడి మీద పెట్టుకునేది ఒకటి, ఉప్పు తిన్నందుకు చూపాల్సింది రెండోది. నాకు రెండోది దక్కింది.

ఇదంతా విని బావ అనే మాట ఒకటుంది: "వాళ్ళు మంచోళ్ళు, అంత మాత్రాన దేవుడు లేడని రుజువైపోయిందా?" ఆయన న్యాయం ఆయనది. మంచివాళ్ళు చెప్పిందల్లా నిజం కాదు. ఈ మాట రెండు పక్షాలకూ వర్తిస్తుంది. అందుకే అసలు వాదనలోకి రావాలి.

మన ఊళ్ళలో వినపడే పెద్ద వాదన కుండా కుమ్మరిది. కుండ ఉందంటే కుమ్మరి ఉన్నాడు, లోకం ఉందంటే చేసినవాడు ఉండాలి. వెయ్యేళ్ళ కిందట ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో దీన్ని శాస్త్రంగా నిలబెట్టాడు. ఇంగ్లండులో పేలీ అనే మతాచార్యుడు 1802లో కుండ బదులు గడియారం పెట్టి ఇదే చెప్పాడు. దీన్ని ఖండించడానికి మనం విదేశాలకు పోనక్కర్లేదు. వేదాన్ని తల మీద పెట్టుకున్న కుమారిల భట్టే అడిగాడు: సృష్టికర్తకు శరీరం ఉందా లేదా? ఉంటే దాన్ని చేసిందెవరు? లేకపోతే శరీరం లేనివాడికి చెయ్యాలన్న కోరిక ఎట్టా పుట్టింది? నేను పిల్లలకు ఇంకొంచెం తేలిగ్గా చెప్పేవాణ్ణి. కుమ్మరి కుండ చేస్తుండగా మనం చూశాం, అందుకే కుండ చూస్తే కుమ్మరి గుర్తొస్తాడు. లోకాలు తయారవుతుండగా ఎవరైనా చూశారా? ఇక ప్రాణుల్లో కనపడే పనితనం సంగతంటారా, ఎవరూ కూర్చుని చెక్కకుండానే తరతరాల చిన్న చిన్న మార్పుల్లో బతకగలిగినవి మిగిలి అలాంటి పనితనం ఎట్టా వస్తుందో డార్విన్ 1859లో చూపించాడు.

రెండోది: "గాలి కనపడదు, కరెంటు కనపడదు, అయినా ఉన్నాయిగా?" ఉన్నాయి. రెండు బెలూన్లు ఊది పుల్లకు చెరో వైపు కట్టి సమంగా వేలాడదీసి, ఒకదాన్ని సూదితో పొడిస్తే పుల్ల రెండో వైపు వాలుతుంది. గాలికి బరువుందని ఆరో తరగతి పిల్లకు అర్థమవుతుంది. కనపడకపోవడం తప్పేమీ కాదు, కనపడని దాని పని ఎక్కడో ఒకచోట పట్టుబడాలి. పట్టుబడకపోతే ఉందన్నవాడి మాటకూ లేదన్నవాడి మాటకూ తేడా ఎట్టా తేలుస్తాం?

మూడోది లాభనష్టాల బేరం: ఉంటే పుణ్యం, లేకపోతే పోయేదేముంది? పోయేది ఉంది. ఒక తల్లి కథ చెబుతాను.

నేను పనిచేసిన ఒక ఊళ్ళో తొమ్మిదో తరగతి పిల్ల తమ్ముడికి పది రోజులుగా జ్వరం. ఎవరో వచ్చి నిమ్మకాయ కోశాడు. అందులోంచి ఎర్రగా కారింది. చేతబడి అన్నాడు. అయిదు వందలు తీసుకున్నాడు, మళ్ళీ రావాలన్నాడు. మర్నాడు పిల్ల క్లాసులో ఏడుస్తుంటే అడిగి తెలుసుకున్నాను. బడి ఆవరణలో మందార చెట్టు ఉంది. నాలుగు పూలు కోయించి, రేకులు కత్తికి రెండు వైపులా బాగా రుద్ది ఆరబెట్టాను. నిమ్మకాయ ఆ పిల్ల చేతికే ఇచ్చి కొయ్యమన్నాను. ఎర్రగా కారింది. మందార రంగు పులుపు తగిలితే ఎరుపెక్కుతుంది, దిష్టికి తీసే ఎర్రనీళ్ళలో పసుపు సున్నంతో కలిసి ఎర్రబడినట్టే. క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఆ పిల్ల కొట్టలేదు. కత్తి బల్ల మీద పెట్టి, "మరి మా తమ్ముడికి వచ్చిందేంటి సార్?" అంది. ఆ సాయంత్రమే పిల్లవాణ్ణి సైకిలు మీద ఆసుపత్రికి తీసుకెళ్ళాం. టైఫాయిడ్. బతికాడు. ఇంకో వారం నిమ్మకాయల మీద పోయి ఉంటే? పోయేదేముంది అనేవాళ్ళు ఆ తల్లి మొహం చూడలేదు.

ఆ పిల్ల ప్రశ్న నాకు పెద్ద పాఠం. మాయ బయటపెట్టడంతో మన పని అయిపోదు. జ్వరం ఏమిటో కూడా చెప్పాలి, మందు కూడా ఇప్పించాలి. ఈ దారిలో నాకు ముందే నడిచినవాళ్ళున్నారు. మా చీరాల దగ్గర నాగండ్లలో పుట్టిన రావిపూడి వెంకటాద్రి గారు 1982 నుంచి 'హేతువాది' పత్రిక నడిపారు, నూరేళ్ళు నిండేదాకా బతికి 2023లో పోయారు. తెనాలిలో త్రిపురనేని రామస్వామి చౌదరి గారు ఉట్టిగా మంత్రాలు తిట్టి ఊరుకోలేదు, పెళ్ళిళ్ళకు అందరికీ అర్థమయ్యే తెలుగులో విధానం రాసిపెట్టారు. ఈ నేల మీద హేతువాదం ఇలా పనితో కలిసి పెరిగింది. శాస్త్రీయ దృష్టిని పెంచుకోవడం పౌరుడి బాధ్యతని 1976లో రాజ్యాంగంలో చేర్చారు. ఎవరి అంతరాత్మ ప్రకారం వారు నమ్మే హక్కు అంతకు ముందే అందులో ఉంది. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. మా అక్క ఇంట్లో ఉన్నట్టే.

నాకూ ఒక నియమం ఉంది. చావు జరిగిన ఇంట్లో వాదించను. మా అమ్మ పోయిన రాత్రి బావ తెల్లవార్లూ పాటలు పాడాడు. అమ్మను మళ్ళీ చూస్తామని అక్కతో అన్నాడు. నాకు ఆ నమ్మకం లేదు. అయినా అక్క ఊపిరి కుదుటపడింది ఆ పాటలతోనే. నేను పక్కన కూర్చుని అక్క చెయ్యి పట్టుకున్నాను. ఓదార్పు రుజువు కాదు. కానీ ఆ వేళ అక్కకు రుజువు అక్కర్లేదు.

ఒక సంగతి చెప్పి ఆపుతాను. ట్రెయినింగుకు వేరే ఊరు వెళ్ళినప్పుడు హాస్టల్లో ఒకరి గడియారం పోయింది. నలభై మందిలో నా పెట్టె ఒక్కటే తెరిపించారు. నా బట్టలు ఒక్కొక్కటే విదిలించి నేల మీద వేశారు. రెండు రోజుల తర్వాత గడియారం దాని యజమాని పరుపు కిందే దొరికింది. నా పెట్టె తెరిపించినవాళ్ళలో భక్తులున్నారు, సైన్సు చదివినవాళ్ళూ ఉన్నారు. మీకెట్టా తెలుసు అని ఆ రోజు అడగలేకపోయాను. నోరు రాలేదు. ఆ తర్వాత ముప్ఫై రెండేళ్ళు ప్రతి క్లాసులోనూ పిల్లల చేత ఆ ప్రశ్న అడిగించాను.

ఇప్పటికీ బండి బాపట్ల దాటి చీరాల వైపు వస్తుంటే, మా స్టేషను పేరు చదివి సంచులు ఒళ్ళోకి లాక్కునేవాళ్ళను చూస్తుంటాను. మా పేరున తీసిన సినిమాలు చూసి ఉంటారు. చదివేవాళ్ళకు నా మనవి ఒకటే. ఈసారి మీ చెయ్యి సంచి మీదికి వెళ్ళినప్పుడు, మా అవ్వ అడిగినట్టు మిమ్మల్ని మీరు అడగండి. ప్యాసింజరు బండి మా ఊళ్ళో ఆగుతుంది. దిగండి. సైన్సు మాస్టారి అక్క ఇల్లెక్కడ అంటే ఎవరైనా చూపిస్తారు. ఆదివారం పొద్దున అయితే బావ ప్రార్థనలో ఉంటాడు, నేను బయట అరుగు మీద ఉంటాను.